జంప్ జిలానీలూ, మా నాన్న ఓటూ

ఆదివారం. నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూపులు, ఇస్త్రీ బట్టలు, బెంగళూరులో మా కేఆర్ పురం సంతలో కూరగాయలు, ఇంతలోనే పదకొండైంది. హోస్కోటలో పనుండి క్యాబ్ ఎక్కాను. డ్రైవర్‌ది చిక్కబళ్ళాపురం వైపు, అటంతా తెలుగు బాగానే మాట్లాడతారు కదా, దారిలో ఏదో ఫ్లెక్సీ కనబడగానే రాజకీయం ఎత్తుకున్నాడు.

2019లో కర్ణాటకలో కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలు 17 మంది అడ్డం తిరిగి కుమారస్వామి సర్కారును పడగొట్టారు. స్పీకర్ అనర్హత వేటు వేస్తే సుప్రీంకోర్టు వేటు సరేనంది, కానీ పోటీ చేసుకోవచ్చంది. డిసెంబరులో 15 చోట్ల ఉప ఎన్నికలు పెడితే వాళ్ళలో చాలామందిని నిలబెట్టిన బీజేపీకే 12 వచ్చాయి. మా కేఆర్ పురంలో బైరతి బసవరాజ్ మళ్ళీ గెలిచారు, పక్కనే హోస్కోటలో ఎంటీబీ నాగరాజ్ ఇండిపెండెంటు చేతిలో ఓడారు. ఓడిన మనిషిని విధాన పరిషత్‌కి, అంటే శాసన మండలికి, పంపి మరీ మంత్రిని చేశారు, నాకైతే అది ఇప్పటికీ మింగుడుపడదు. డ్రైవర్ వాళ్ళ చిక్కబళ్ళాపురం ఎమ్మెల్యే సుధాకర్ కూడా ఆ గోడ దూకినవాళ్ళలో ఒకరు.

"సుధాకర్‌ని మేమే గెలిపిస్తిమి సార్, మినిస్టర్ అయితే మెడికల్ కాలేజీ వస్తాదని." వచ్చింది కూడా.

"మరి 2023లో ఓడగొట్టారేం?"

"ఒకసారి ఇంట్లో కూర్చోబెట్టాల సార్, అప్పుడే మన మాట వింటారు."

"మళ్ళీ 2024లో ఎంపీని చేశారుగా?"

"అది మోదీ ఓటు సార్!"

గోడ దూకాడన్న కోపం ఆ మాటల్లో ఎక్కడా లేదు. ఆ నాయకుడు తన పదవి లెక్క చూసుకుంటే ఈయన తన ఊరి లెక్క చూసుకున్నాడు, అంతే. ద్రోహం, విలువలు అని టీవీ చర్చల్లో గొంతు చించుకునేది మనలాంటి వాళ్ళమేనేమో.

సాయంత్రం అద్దంకి నుంచి నాన్న ఫోన్. అక్కడి మా ఎమ్మెల్యే గొట్టిపాటి రవికుమార్‌ది ఇంకో లెక్క. 2009లో కాంగ్రెస్, 2014లో వైసీపీ, 2019 నుంచి టీడీపీ, జెండా ఏదైనా అద్దంకి గెలిపిస్తూనే ఉంది. ఆ 2019లో వైసీపీ 151 సీట్లు కొట్టి, అటు నుంచి టీడీపీలోకి దూకినవాళ్ళలో చాలామంది కొట్టుకుపోయినా సరే. అదే అడిగితే నాన్న, "ఆసుపత్రి లెటరు కావాలంటే ఫోనెత్తే మనిషి ఉండాలిరా, కండువాతో మనకేం పని? అయినా నువ్వు మారలేదా కంపెనీలు?" అన్నాడు.

నన్నెవరూ ఓట్లేసి కంపెనీలో కూర్చోబెట్టలేదు నాన్నా అన్నాను. అప్పటికే ఫోను అమ్మకిచ్చేశాడు.