ముందు రెండు ముద్దలు తిను

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక మా సంఘంలో బైబిల్ వాక్యం రాసిన వాగ్దానం కార్డులు ఇస్తారు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకుని, పక్కవాళ్లకి ఏం వచ్చిందో తొంగిచూస్తాం. "భయపడకుము, నేను నీకు తోడైయున్నాను" వచ్చినవాళ్లు ఇంటికెళ్లి బీరువా తలుపుకి అంటించుకుంటారు. ఇన్నేళ్లలో ఎవరికీ రాని మాట ఒకటుంది. అదీ బైబిల్లోదే, దేవదూత ఏలీయా ప్రవక్తతో అన్న మాటే: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది." మొదటి రాజులు 19:7. కొత్త సంవత్సరం పూట ఈ కార్డు చేతికొస్తే ఆమేన్ అనడానికి ఎవరికి నోరొస్తుంది?

నన్ను రెండేళ్లుగా నిలబెడుతున్న వాక్యం మాత్రం ఇదే.

మా నాన్నకి డయాలసిస్. వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. తెల్లారగట్ల ఆటో మాట్లాడుకుని వెళ్లడం, నాన్నని లోపలికి పంపి కారిడార్లో బెంచీ మీద కూర్చోవడం, బయటికొచ్చాక నీరసంతో తూలుతుంటే పట్టుకుని ఇంటికి తేవడం. మొదట్లో చాలామంది ఫోన్ చేసేవారు. "దేవుడు మోయలేని భారం ఎవరికీ ఇవ్వడమ్మా" అనేవారు. మంచి మనసుతోనే అనేవారు. కానీ నేను మోయలేకపోతున్నాను కదా, మరి తప్పు నాదేనా అనిపించేది. తర్వాత వాక్యం తీసి చూసుకున్నాను. వాళ్లు చెప్పేది మొదటి కొరింథీయులు 10:13. అక్కడ పౌలు మాట్లాడుతున్నది శోధన గురించి, పాపంలో పడేసే పరీక్ష గురించి. ఆస్పత్రి బిల్లుల గురించీ నిద్రలేని రాత్రుల గురించీ కాదు. ఏలీయాతో దూత అన్నది చూస్తే, ఈ దారి నీ శక్తికి మించిందే అని దేవుడే ఒప్పుకుంటున్నాడు. అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది, ఎవరో నా మాట నమ్మినట్టు.

ఏలీయా అంటే సామాన్యుడా! కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలు 450 మంది ఎదుట ఒక్కడే నిలబడి, ఆకాశం నుంచి అగ్నిని రప్పించినవాడు. ఆ సాయంత్రం వానలో ఆహాబు రాజు రథానికి ముందు యెజ్రెయేలు ఊరి దాకా పరుగెత్తినవాడు. చంపిస్తానని రాణి యెజెబెలు నుంచి ఒక్క కబురు రాగానే బెయేర్షెబా దాకా పారిపోయాడు. దాసుణ్ని అక్కడే వదిలేశాడు, ఒక రోజు నడిచి ఎడారిలోకి పోయాడు, చెట్టు కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. అంత పెద్ద గెలుపు తర్వాత ఈ మాటేమిటని ఆశ్చర్యపోతాం గానీ, పెళ్లి పనంతా నెత్తినేసుకున్న మనిషి మర్నాడు ఎలా ఉంటాడో మనం చూడలేదా?

ఆ చెట్టు సంగతి ఒకటి చెప్పాలి. మన తెలుగు బైబిల్లో బదరీవృక్షం అని ఉంటుంది, అంటే రేగుచెట్టు. హెబ్రీలో ఉన్న మాట రోతెం, ఎడారిలో పెరిగే పొద. అదే మాటని 120వ కీర్తనలో మనవాళ్లు తంగేడు అని అనువదించారు. నాకైతే ఇక్కడ కూడా తంగేడే బాగుండేదనిపిస్తుంది. మా ఊళ్లో పొలం గట్ల మీద తంగేడు పొదలుండేవి. మేకల వెంట తిరిగి అలసిపోతే వాటి కిందే కూర్చునేవాళ్లం. తల దాచుకుంటే కాళ్లు ఎండలో ఉండేవి. ఏలీయాకి దొరికిన నీడ కూడా ఆపాటిదే.

మన ప్రసంగాల్లో ఇక్కడి నుంచి గబగబా హోరేబు కొండకి, ఆ "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు" స్వరానికి వెళ్లిపోతారు. నేను ఆ పొద దగ్గరే ఆగిపోతాను. చావు కోరుకున్న భక్తుడికి దేవుడు ఏం పంపాడు? నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. అది కూడా తలదగ్గరే, లేచి వెతుక్కోనక్కర్లేకుండా. దూత అతణ్ని తట్టి, లేచి తినమన్నాడు. విశ్వాసం ఏమైందని అడగలేదు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు, అయినా కసురుకోలేదు. రెండోసారి వచ్చి మళ్లీ తినమన్నాడు. "ఇచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న వచ్చింది హోరేబుకి చేరాకే. కడుపు నిండి, నిద్ర తీరి, నలభై రాత్రింబగళ్లు నడిచాక.

మా సంఘంలో ఒక మామ్మగారున్నారు, కూరగాయలు అమ్ముతారు. ఒకరోజు స్టీలు క్యారేజీ పట్టుకుని ఆస్పత్రికి వచ్చారు. వందనాలు చెప్పి, ప్రార్థన చేస్తారేమోనని తలమీద చున్నీ సర్దుకున్నాను. "అది తర్వాత చేసుకుందాంలే అమ్మా. ముందు రెండు ముద్దలు తిను" అని మూత తీశారు. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. ములక్కాడల పులుసు, పైగిన్నెలో వేయించిన అప్పడాలు మెత్తబడిపోయి ఉన్నాయి. తిన్నాక బెంచీ మీద ఒరగమన్నారు. మీ నాన్నని నేను చూసుకుంటాలే అన్నారు. గంటన్నర పడుకున్నాను. లేచాక ఆమె చేసిన ప్రార్థన రెండే మాటలు: "ప్రభువా, ఈ పిల్ల అలిసిపోయింది. నీకు తెలుసు." గురువారం మళ్లీ వచ్చారు, అదే క్యారేజీతో.

తిబెరియ సముద్రం ఒడ్డున కూడా ఇదే వరస. యేసుని ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు, రాత్రంతా వల వేసి ఏమీ దొరక్క అలిసిపోయినవాడు. ప్రభువు నిప్పుల మీద చేపలు పెట్టి "రండి భోజనము చేయుడి" అన్నాడు. "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగింది వాళ్లు తిన్న తర్వాతే. యోహాను 21వ అధ్యాయం నిదానంగా చదివి చూడండి.

నాన్న ఆరోగ్యంలో పెద్ద మార్పేం లేదు. సాక్ష్యం చెప్పమంటే స్వస్థత గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నిన్న నాన్న పక్క మంచం పెద్దాయన కొడుకు, పాతికేళ్లుంటాయేమో, గోడకి తల ఆనించి కూర్చున్నాడు. రోజూ టీతోనే సరిపెట్టుకుంటాడు. డబ్బాలో నాలుగు ఇడ్లీలున్నాయి. "తిన్నావా బాబూ" అని అడిగాను. లేదన్నట్టు తలూపాడు. బెంచీ మీద కొంచెం పక్కకి జరిగాను.