ఆరేళ్ళ పిల్లకు ఏడాది కథలు

జూన్ నుంచి మా అమ్మాయికి ఇంట్లోనే చదువు. వయసు ఆరు. చెన్నైలో వీధంతా తమిళం కాబట్టి తెలుగు గుణింతాలు, ఒత్తులు నేనే దిద్దించాలి. మొదట గంటకో పుస్తకం చొప్పున పెద్ద పట్టిక వేసి గోడకు అంటించాను. మా అత్తయ్య చూసి, “ఇది పిల్లకా, రైళ్ళకా?” అన్నారు. చింపేశాను.

ఇప్పుడు నెలకు మూడే పుస్తకాలు. ఒకటి నేను చదివి వినిపించేది, ఒకటి తను కూడబలుక్కుని చదివేది, మూడోది బొమ్మలు చూసి తనే కథ అల్లేది. నాకు ఈ మూడోదే ఇష్టం. నిన్నటి కథలో నక్క మెరీనా బీచిలో సుండల్ కొనుక్కుని, కాకికి ఒక్క గింజయినా పెట్టకుండా తినేసింది. వారానికో వేమన పద్యం, అర్థం అడగను. లెక్కలు ఉదయం అరగంట, అంతే.

శనివారాలు ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి. 1896లో తెరిచిన ఆ భవనం మెట్లు లెక్కపెట్టడమే తనకు సగం పండగ. దారిలో, 1947 జూలైలో చందమామ పత్రిక ఈ ఊళ్ళోనే పుట్టిందని చెప్పాను. “మరి అంతకుముందు రాత్రుళ్ళు చీకటేనా?” అంది. ఆగస్టు జాబితాలో ఆకాశం గురించిన పుస్తకం ఒకటి చేర్చాను.