పెడళ్ళు జరగకపోతే మోటారు కన్నా ముందు కనెక్టరు చూడండి

అమెరికాలో తిరిగే పెద్ద పికప్ ట్రక్కుల్లో చాలావాటికి, స్విచ్చి నొక్కితే బ్రేకు, యాక్సిలరేటరు పెడళ్ళు రెండూ కలిసి సుమారు 3 అంగుళాల మేర ముందుకూ వెనక్కూ జరిగే ఏర్పాటు ఉంటుంది. కాళ్ళు అందడం కోసం సీటును స్టీరింగుకు మరీ దగ్గరగా జరుపుకుంటే ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నప్పుడు ఛాతీకి ప్రమాదం. ఛాతీకీ స్టీరింగుకూ మధ్యలో కనీసం 10 అంగుళాల ఎడం ఉండాలని అక్కడి రహదారి భద్రతా సంస్థ చెబుతుంది. మా ఆవిడ ఎత్తు తక్కువ కనుక, ఈ స్విచ్చి పనిచేయకపోతే ఆమెను మా పికప్ బండి నడపనివ్వను.

పెడళ్ళ స్థానాన్ని గుర్తుపెట్టుకునే మెమరీ లేని రకాల్లో, పెడళ్ళను జరిపే మోటారుకు వచ్చే వైర్లు రెండే. స్విచ్చి నొక్కనప్పుడు రెండూ ఎర్తుకు కలిసి ఉంటాయి. ఒకవైపు నొక్కితే ఒక వైరుకూ, రెండోవైపు నొక్కితే మరో వైరుకూ 12 వోల్టులు అందుతాయి, మోటారు దిశ అలా మారుతుంది. కొన్ని బళ్ళలో రివర్సు గేరులోనో, వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోలు వేసినప్పుడో పెడళ్ళు జరగవు, అది లోపం కాదు.

ఫ్యూజు బాగుండీ పెడళ్ళు జరగకపోతే మోటారు మార్చమనే మెకానిక్కులే ఎక్కువ. మోటారుకు వైర్లను కలిపే కనెక్టరు ఊడదీసి మీటరు పెట్టి చూస్తే 12 వోల్టులూ కనబడతాయి, దాంతో తప్పు మోటారుదేనని తేల్చేస్తారు. కానీ అప్పుడు వైర్లలో కరెంటు పారడం లేదు. చిలుము పట్టిన పిన్ను కూడా మీటరుకు సరిపడా వోల్టేజి చూపిస్తుంది. కనెక్టరును తగిలించే ఉంచి, వెనకవైపు నుంచి సన్నని ప్రోబు దూర్చి, స్విచ్చి నొక్కి పట్టుకుని కొలవాలి. అప్పుడు రీడింగు బాగా పడిపోతే లోపం వైరింగులోనో, స్విచ్చిలోనో ఉన్నట్టు. మా బండిలో ఒక పిన్ను తాళం వదిలి వెనక్కి జారిపోయి, అంచున పచ్చగా చిలుము పట్టి కనిపించింది. దాన్ని శుభ్రం చేసి, టిక్కుమనేదాకా లోపలికి నెట్టగానే మోటారు తిరిగింది. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటికి మీటరు తగిలించకూడదు.

యాక్సిలరేటరు సెన్సారు వైర్లు పెడలుతోపాటే కదులుతాయి కనుక వాటికి కొంత వదులు ఉండాలి. దూరం నుంచే ఇంజను స్టార్టు చేసే రిమోట్ స్టార్టు బిగించేవాళ్ళు ఆ కట్టను ప్లాస్టిక్ టైతో బిగించేస్తే పెడలు చివరిదాకా జరిగినప్పుడల్లా కనెక్టరు లాగబడి, ఇంజను శక్తి తగ్గించుకుని నడుస్తుంది. అందుకే పని ముగించే ముందు, గేరు పార్కు (P)లో ఉంచి, పెడళ్ళను ఈ కొస నుంచి ఆ కొసకు జరుపుతూ టార్చిలైటుతో ఆ కట్టను చూడాలి.