విప్పిన కంట్రోలరూ, తెరిచిన పోర్టూ

ఆదివారం. బల్ల మీద ఒక పక్క విప్పిన డ్యుయల్‌షాక్ 4 (ప్లేస్టేషన్ 4 కంట్రోలర్), ఇంకో పక్క తెర మీద ప్రోసొడీ అనే చాట్ సర్వర్ లాగ్. ప్రోసొడీ నడిచేది ఎక్స్‌ఎంపీపీ మీద, అంటే వేర్వేరు సర్వర్లలోని మనుషులు చాట్ చేసుకోగలిగే ఓపెన్ పద్ధతి. రెండింటికీ పొత్తు లేదనిపిస్తుంది గానీ, గేమ్ కన్సోల్ నింటెండో స్విచ్‌ నోటిఫికేషన్ల వ్యవస్థను ఈజాబర్డీ అనే ఎక్స్‌ఎంపీపీ సర్వర్ మీదే కట్టారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలోని చాట్ కూడా అంతే. అయినా బయటి సర్వర్‌లో ఖాతా ఉన్న మనిషి అక్కడికి కబురు పంపలేడు. గూగుల్ టాక్ 2006లో ఆ తలుపు తీసింది, 2013లో హ్యాంగౌట్స్ వచ్చాక మెల్లగా వేసేసింది. అందుకే ఏదైనా చాట్ ఓపెన్ అంటే ముందు చూడాల్సింది 5269 పోర్టు (పోర్టంటే సర్వర్‌కి నంబరున్న తలుపు లాంటిది). సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది దాని మీదే.

సొంత సర్వర్ ఇంట్లోనే పెట్టాలంటే చిక్కు. మన ఇళ్ళ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ (బయటి నుంచి చేరగల చిరునామా) ఉండదు, రౌటర్‌లో పోర్టు ఎంత తెరిచినా బయటివాళ్ళు లోపలికి రాలేరు. అద్దెకు దొరికే చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లో నడిచే వర్చువల్ సర్వర్) మేలు, ఇంటిల్లిపాదికీ ఒక జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది. ఫోన్ల కోసం 5222 కూడా తెరిచి, డీఎన్‌ఎస్‌లో రెండింటికీ ఎస్‌ఆర్‌వీ రికార్డులు (ఏ సేవ ఏ యంత్రంలో ఏ పోర్టు మీద ఉందో చెప్పేవి) పెట్టాలి. చాలామంది బోల్తా పడేది సర్వర్ గుర్తింపును రుజువు చేసే సర్టిఫికెట్ దగ్గర. సర్వర్ నడిచే యంత్రం పేరుకి తీసుకుంటారు. ఐడీలో @ తర్వాత ఏ పేరుందో దానికే సర్టిఫికెట్ ఉండాలి, లేదంటే అవతలి సర్వర్లు కనెక్షన్ తిప్పికొడతాయి. రెన్యూ అయిన ప్రతిసారీ ప్రోసొడీని రీలోడ్ చేయించే హుక్ (దానంతటదే నడిచే చిన్న స్క్రిప్టు) కూడా రాసుకోవాలి. అది మరిస్తే డిస్క్ మీద కొత్తది, మెమరీలో పాతది. ప్రోసొడీసీటీఎల్ చెక్ అని కొడితే ఇలాంటి తప్పులు చాలావరకు అదే పట్టిస్తుంది.

పాత సందేశాల కోసం మ్యామ్, ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే సంభాషణ కనబడటానికి కార్బన్స్, రైల్లో సిగ్నల్ పోయినా సందేశం పోకుండా స్మాక్స్. ఈ మూడు మాడ్యూళ్ళు పెట్టకుండా ఇంట్లోవాళ్ళకి ఖాతా ఇవ్వడం అన్యాయం. సందేశాలను మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసే పద్ధతి ఒమెమో, దాని తాళంచెవి ఏ పరికరానిది దానికే. ఆర్కైవ్‌లోంచి పాత సందేశాలు కొత్త ఫోన్‌కి వచ్చినా అది వాటిని విప్పలేదు కాబట్టి, పాత ఫోన్ ఎవరికైనా ఇచ్చేలోపే ఆండ్రాయిడ్ చాట్ యాప్ కన్వర్సేషన్స్‌లో బ్యాకప్ తీయాలి.

ఇక కంట్రోలర్. వేలు పెట్టకుండానే ఆటలో బొమ్మ పక్కకి నడుస్తోంటే అది స్టిక్ డ్రిఫ్ట్. ఒక్కో స్టిక్‌కి రెండు పొటెన్షియోమీటర్లు (స్టిక్ ఎటు ఎంత వంగిందో కొలిచేవి), లోపల కార్బన్ పూత మీద లోహపు ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోతుంది. పూతే అరిగిపోయుంటే ఆ శుభ్రత మూడునాళ్ళ ముచ్చట. డెడ్‌జోన్ (మధ్యలో కదలికను లెక్కచేయని మేర) పెంచితే డ్రిఫ్ట్ కనబడదు గానీ గురి సరిచూసుకునే చిన్న కదలికలూ దాంతోపాటే పోతాయి. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ మాడ్యూల్ వేసేయడమే మంచిది, రాపిడే ఉండదు. 1998 నాటి డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఇది ఉంది. తర్వాత ఇన్నేళ్ళు అరిగే భాగాలే వేస్తూ రావడం బాధాకరం.

వెనక నాలుగు స్క్రూలు తీసి, ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. మాడ్యూల్‌కి 14 కాళ్ళు: సెన్సర్లవి ఆరు, బటన్‌వి నాలుగు, చట్రానివి నాలుగు. చట్రం కాళ్ళు గ్రౌండ్ రాగికి అతుక్కుని వేడినంతా లాగేస్తాయి, అక్కడే తంటా. పాత మాడ్యూల్‌ని కట్టర్‌తో ముక్కలు చేసి, కాస్త కొత్త సోల్డర్ పూసి, ఒక్కో కాలూ విడిగా తీయాలి. కరగకముందే లాగితే బోర్డు మీది ప్యాడ్ లేచిపోతుంది.

కొత్తది వేశాక మధ్యబిందువు మారుతుంది. దాన్ని సరిచేయడానికి వాడకందార్లే రాసిపెట్టిన కాలిబ్రేషన్ పేజీ క్రోమ్‌లో నడుస్తుంది. ముందు తాత్కాలికంగా రాసి చూసి, నచ్చితేనే శాశ్వతంగా రాయాలి. నకిలీ కంట్రోలర్లు దీనికి లొంగవు.

మూత పెట్టకముందే బ్యాటరీ తగిలించి, లైనక్స్‌లో ఎవ్‌టెస్ట్ (స్టిక్ పంపే అంకెలు చూపించే ప్రోగ్రామ్) తో చూడాలి. అక్షం 0 నుంచి 255 దాకా పోవాలి, వేలు తీస్తే మధ్యలో ఆగాలి. కుడి స్టిక్ అడ్డంగా 127, నిలువుగా 128. ఇక స్క్రూలు బిగించడమే.