అమ్మ అలిగిన రోజు

బతుకమ్మ పండుగలో ఆరో రోజు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెత్రమాస నాడు ఎంగిలి పూలతో మొదలై దుర్గాష్టమి నాడు సద్దులతో ముగిసే తొమ్మిది రోజుల్లో ఆ ఒక్క రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు, నైవేద్యం కూడా పెట్టరు. అలిగిన బతుకమ్మ అంటారు, మా దిక్కు పెద్దవాళ్ళైతే అర్రెం అంటారు. పోయినేటి నుంచి నాకు అన్నిటికంటే ఇష్టమైన రోజు అదే.

పోయినేడు పండుగ మొదలవకముందే నాకు టెన్షన్ మొదలైంది. ఇల్లు దులపాలి, బ్లౌజులు ఇంకా టైలర్ దగ్గరే ఉన్నాయి, సద్దుల నాటికి ఇద్దరు ఆడబిడ్డలు పిల్లలతో వస్తారు, పాపకు బడి సెలవులు కానీ నాకు ఆఫీసు సెలవు లేదు. హనుమకొండ చౌరస్తాలో గునుగు కట్టల కోసం పొద్దున్నే తిరగడం, వచ్చి రంగులు అద్దడం, మా అపార్ట్‌మెంట్లో అందరి బతుకమ్మల పక్కన మాది చిన్నగా కనపడొద్దని ఒక పంతం. ఐదో రోజు, అట్ల బతుకమ్మ నాడు, ఎనిమిదేళ్ళ మా పాప పక్కన కూర్చుని తంగేడు పెడతానంది. వరుస వంకర పోయింది. నేను గట్టిగా అరిచాను. అది చేతిలో పూలు తాంబాలంలో పెట్టి, ఒక్క మాట అనకుండా లోపలికి పోయింది.

మరునాడు అలవాటుగా ఐదింటికే లేచి పొయ్యి వెలిగిస్తుంటే అత్తమ్మ వచ్చింది. "ఇయ్యాల ఏం జెయ్యొద్దు బిడ్డా, అమ్మ అలిగింది గదా, కూసో" అంది. కూర్చున్నాను. ఎన్నో రోజుల తర్వాత చాయ్ వేడిగా ఉండగానే తాగాను.

పాప లేచి వచ్చి బతుకమ్మ ఎందుకు అలిగిందని అడిగింది. వెనకట ఎప్పుడో పూలు పేరుస్తుంటే మాంసపు ముద్ద తగిలిందట, అందుకని అమ్మ అలిగిందని చెప్పుకుంటారు. అత్తమ్మ అదే చెప్పింది. "మరి ఎట్ల బుదరకిస్తరు నానమ్మా?" అంటే, "ఏం జేయరు. ఒక్క దినం ఊకుంటరు. రేపు తనే వస్తది" అంది. పాప నా దిక్కు చూసింది. నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను, ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. అలిగే దేవత మనకు ఉంది, ఆమె అలిగితే ఊరు ఊరంతా ఒక రోజు ఆగుతుంది, ఎవరూ ఆమెను తొందరపెట్టరు. పండుగను కట్టిన మన పెద్దవాళ్ళకు మనుషుల సంగతి, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ళ సంగతి, ఎంత తెలుసో చూడండి, తొమ్మిది రోజుల నడుమ ఏ పనీ లేని ఒక రోజును దేవత పేరు మీదే పెట్టారు, కాబట్టి దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇంకో సంగతి కూడా ఆ రోజు ఖాళీగా కూర్చున్నాకే తట్టింది. నైవేద్యాలు వరుసగా అనుకోండి. మొదటి రోజు నువ్వులు, నూకలు. తర్వాత అటుకులు, బెల్లం. ముద్దపప్పు. పాలల్లో నానిన బియ్యం. అట్లు. అన్నీ చిన్నపిల్లలు ఇష్టంగా తినేవి, పిల్లలు కూడా చేయగలిగేవి. పెద్ద వంటలు సద్దుల నాడే. మా అమ్మగారింట్లో మొదటి ఎనిమిది రోజులు ఆడపిల్లలవే, పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని చూసేవాళ్ళు. అంతకుముందు తొమ్మిది రోజులు బొడ్డెమ్మ ఆడేవాళ్ళం, పుట్టమన్ను తెచ్చి పీట మీద మెట్లు మెట్లుగా మెత్తి, దొరికిన పూలు గుచ్చి, చీకటి పడేదాకా చుట్టూ తిరిగేవాళ్ళం. మా బొడ్డెమ్మ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగే ఉండేది, దాన్ని సరిచేయాలని ఒక్కరికీ అనిపించలేదు. ఒక పసుపు ముద్దను వేళ్ళతో నొక్కి గుమ్మడి పువ్వులో పెడితే గౌరమ్మ అవుతుంది, చెలక గట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచే తంగేడు, గునుగు ఆమెకు చాలు. ఎత్తు లెక్కలు నేను పెట్టుకున్నవే, గౌరమ్మ ఎన్నడూ అడగలేదు.

ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. సకినాల పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. పిండి మొత్తం పాప ముందు పెట్టాను. దాని వేపకాయలు కొన్ని గోళీలంత, కొన్ని చిక్కుడు గింజలంత వచ్చాయి, అన్నీ అలాగే వేయించి అమ్మకు పెట్టాం. బ్లౌజుల్లో ఒకటి చివరికీ రాలేదు. పాత చీర కట్టుకున్నాను.

సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి పోయాం. కాలు పెట్టడానికి సందు లేనంత మంది. మా బతుకమ్మ పైన రెండు వరుసలు పాపే పేర్చింది, రంగు రంగుకు సంబంధం లేదు. వలయంలో నా ముందు అది, నా వెనక అత్తమ్మ. ఎవరో పెద్దామె పాట అందుకుంటే అందరం ఉయ్యాలో అంటూ వంగి చప్పట్లు కొడుతున్నాం, అడుగు తప్పినప్పుడల్లా పాప వెనక్కి తిరిగి నవ్వుతోంది, నాకూ అడుగు తప్పుతోంది. ఎంతసేపు ఆడామో తెలియలేదు.

బతుకమ్మను గుండంలో వదిలాక, ఒడ్డున గౌరమ్మ పసుపు తీసి పుస్తెలకు అద్దుకున్నాం. సత్తుపిండి డబ్బా పాప చేతికిచ్చాను. అది పక్కన నిలబడ్డ, మేమెన్నడూ చూడని ఒక ముసలామె ముందుకు పోయి, మూతికి పిండి అంటుకుని ఉండగానే, "ఇస్తినమ్మ వాయినం" అంది. ఆమె కొంగు పట్టి, "పుచ్చుకుంటినమ్మ వాయినం" అంది.