కాయ నలిపితే తాలే

2021 జూలైలో కెనడాలోని సస్కచ్వాన్ రాష్ట్రంలో, రాజధాని రెజీనా దాటాక ఓ రైతు పొలానికి వెళ్లాం. కనోలా (ఆవాల జాతి నూనెగింజల పైరు) పూత మీదుండగా ఎండలు ముదిరాయి. పూత మాడి రాలిపోయింది. పట్టిన నాలుగు కాయలు నలిపితే తాలే. ఓట్స్ మోకాలెత్తు కూడా లేవు. పోనీ కోసి పశువులకు వేద్దామంటే ముందు నైట్రేట్ పరీక్ష చేయించాలట, ఎండిన పైరులో అది పేరుకుంటుంది, ఎక్కువైతే పశువులకు విషం.

నాకు అసలు టెన్షన్ వచ్చింది నీళ్లగుంట చూశాక. నీళ్లు అడుగంటి, గట్టు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్లలో సల్ఫేట్ చిక్కబడుతుంది, అవి తాగితే ఆవుల ప్రాణానికే ముప్పు. పచ్చిక అప్పటికే బీడు. ఎండుగడ్డి కొందామంటే ధర మండిపోతోంది (దొరికితే కదా!). మామూలుగా దూడల్ని అమ్మేది అక్టోబరులో. ఆయన ఆగస్టుకే లారీ మాట్లాడేశాడు, చూడి ఆవుల్ని కూడా కలిపి.