నాలుక కింద పెట్టని మాత్ర

ఆ రాత్రి మా ఆవిడ మా అమ్మ మందుల డబ్బాలోంచి గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర తీసి నాలుక కింద పెట్టబోతే, నేను పళ్లు బిగించి తల అడ్డంగా ఊపాను. ఛాతీ మీద రోలు ఎత్తి పెట్టినట్టున్న నొప్పికంటే ఆ చిన్న మాత్రే నన్ను ఎక్కువగా భయపెట్టింది. రెండు గంటల ముందే, ఆమెకు తెలియకుండా, అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ మాత్ర మింగి ఉన్నాను. ఆ రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుందని, చీటీ అడగకుండా అమ్మిన మందుల షాపులో ఎవరూ చెప్పలేదు. పెట్టెలోని కాగితంలో నేనే చదివాను. "ఏమండీ, నోరు తెరవండి, మీకు దండం పెడతాను" అని ఆమె ఏడుస్తూంటే, ఇరవై ఆరేళ్ల కాపురంలో చెప్పలేని మాటను గుంటూరులో మా వంటగది గుమ్మంలో కూర్చుని చెప్పాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, మాత్రను డబ్బాలో వేసి, ఆటో కోసం పరుగెత్తింది.

ఆసుపత్రిలో ఆమే నాకంటే ముందుగా డ్యూటీ డాక్టరుకు ఆ సంగతి చెప్పింది. యాంజియోగ్రామ్‌లో ఒక పూడిక కనబడింది, ఒక స్టెంట్ వేశారు, నాలుగో రోజున ఇంటికి పంపారు.

నా కోపమంతా అంతకు ఏడాది ముందు నేను కలిసిన వైద్యుడి మీద. పదకొండేళ్లుగా షుగరున్న నేను, ఎంతో ధైర్యం కూడగట్టుకుని అంగస్తంభన సమస్య చెప్పుకుంటే, ఆయన నర్సు ముందే నవ్వి, "యాభై రెండేళ్లొచ్చాయి, ఇంకెందుకండీ ఇవన్నీ" అన్నాడు. అంగానికి వెళ్లే ధమనులు గుండె ధమనులకంటే సన్నవి కాబట్టి పూడిక లక్షణం చాలామందిలో ముందు అక్కడే బయటపడుతుందనీ, గుండె పరీక్షలు చేయించవలసింది అప్పుడేననీ స్టెంట్ వేసిన డాక్టరుగారు చెప్పినప్పుడు, ఆ నవ్వు నా చెవుల్లో మళ్లీ మోగింది.

తరువాత మాత్రలంటేనే వణుకు పట్టుకుంది. మాత్ర అక్కరలేని, అంగానికి బయటినుంచి ధ్వని తరంగాలు పంపే షాక్‌వేవ్ చికిత్స మీదికి మనసు పోవడానికి కారణం అదే. హైదరాబాదులో ఒక క్లినిక్‌వారు పన్నెండు సిట్టింగులకు లక్షా ఇరవై వేలు చెప్పి, ఫలితం ఖాయమన్నారు. నా షుగరెంతో, గుండె సంగతేమిటో అడగకుండానే పదివేలు అడ్వాన్సు తీసుకున్నారు. గదిలోని యంత్రాన్ని చూసి ఆగిపోయాను. తుపాకీ వంటి ఆ పిడి, టకటకమనే ఆ చప్పుడు, మడమ నొప్పికి మా ఫిజియోథెరపిస్టు వాడిన యంత్రానివే.

మరునాడు కలిసిన యూరాలజిస్టుగారు అరగంట సేపు ఓపికగా మాట్లాడారు. గాలి ఒత్తిడితో పనిచేసే అలాంటి రేడియల్ యంత్రాలు పుట్టించేవి అసలైన షాక్‌వేవ్‌లు కావని, తక్కువ తీవ్రత గల అసలు తరంగాలతో 2010లో ఇజ్రాయెల్‌లోని హైఫా వైద్యులు ప్రచురించిన తొలి అధ్యయనంలో ఉన్నది 20 మందేనని వివరించారు. ఆ తరంగాలు కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయన్న ఆశ నిరాధారం కాదట. రక్తప్రసరణ కొద్దిగా తగ్గినవారిలో కొంత మేలు కనిపించిందట. అయినా 2018లో అమెరికన్ యూరాలజీ సంఘం దాన్ని ఇంకా పరిశోధన దశలోని చికిత్సగానే పరిగణించాలని చెప్పింది. "షుగరు వల్ల మీ నరాలు కూడా దెబ్బతిన్నాయి. హాని పెద్దగా ఉండకపోవచ్చు, కానీ అంత డబ్బు పెట్టమని నేను చెప్పలేను" అన్నారాయన. నిరాశ కలిగినా, కాదని చెప్పిన ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు.

మూడు నెలల షుగరు సగటు 9.4 నుంచి 6.9కి దిగింది. మంగళగిరి పానకాల స్వామికి మా ఆవిడ మొక్కు తీర్చింది; ప్రసాదం పానకం నాకు ఒక్క చెంచాడే పోసి, మిగిలినది తనే తాగింది. గుండె డాక్టరుగారు పరీక్షలు చేసి అనుమతించాక, ఇప్పుడు సిల్డెనాఫిల్ కోవకే చెందిన తడలాఫిల్ రోజుకు 5 మిల్లీగ్రాములు వాడుతున్నాను. పూర్వంలా లేదు, కానీ ఉంది. సిగ్గుపడి షాపులో రహస్యంగా కొనేవారు కనీసం ఇంట్లో ఒకరికైనా చెప్పి మింగండి.

నా పర్సులో ఆధార్ కార్డు వెనుక, మా ఆవిడ గుండ్రటి చేతిరాతలో ఒక చీటీ ఉంది: "ఈయన తడలాఫిల్ వాడుతున్నారు. సార్బిట్రేట్ పెట్టవద్దు."